పార్వతీబాయికి ఒక టవల్

తెగిన పోగును పెంటప్ప కంటితో వెతకడు, చెవితో పట్టుకుంటాడు. ఇరవై నాలుగు కరెంటు మగ్గాలు, వాళ్ళ మాటలో సాంచాలు, ఒకేసారి కొట్టుకునే ఆ రేకుల షెడ్డులో పక్కన నిలబడి అరిచినా మాట వినిపించదు. అలాంటి మోతలో కూడా, తన వంతుకు వచ్చిన రెండు సాంచాల్లో ఒక్క పోగు తెగితే చాలు, చిన్న తేడా ఒకటి అతని చెవికి తగులుతుంది. వెంటనే పిడి లాగి సాంచా ఆపుతాడు. నడుం వంచి, తెగిన రెండు కొసల్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చేర్చి, నాలుక తడి అద్ది ముడి వేస్తాడు. రెప్పపాటు పని. ఆవగింజలో సగం కూడా ఉండని ఆ ముడి అచ్చు పళ్ళ సందుల్లోంచి తగలకుండా జారిపోతుంది గానీ ఊడదు. బట్ట చిరిగినా ఊడదు. ముప్పై ఏడేళ్ళలో అతను వేసిన ముడి విడిపోయిందని ఎవరూ అనలేదు.

ఆరోజు ఏప్రిల్ ముప్పై. ఎనిమిది కాకముందే రేకులు వేడెక్కాయి. బనియను వీపుకు అతుక్కుపోయింది. కనుబొమల మీదా చెవుల మీదా నూలుదుమ్ము తెల్లగా పేరుకుంది. పెంటప్ప సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఏళ్ళ తరబడి ఒకే పక్కకు వంగి పనిచేయడంతో ఎడమ భుజం రెండు వేళ్ళు కిందికి దిగింది. దారిన పోతుంటే ఎవరో భుజం మీద చెయ్యేసి పక్కన నడుస్తున్నట్టే కనిపిస్తాడు. నిజానికి అతని భుజం మీద చెయ్యేసేవాళ్ళు ఎవరూ లేరు.

నేస్తూ నేస్తూ అతను ఒక మాట పైకే అంటున్నాడు.

"బాయీ, తల్లి లేని లోటు నా బిడ్డకు మీరు తెల్వనియ్యలే."

కార్ఖానాలో ఉన్న సుఖం అదొక్కటే. గొంతు చించుకుని అన్నా ఎవరికీ వినబడదు. వారం నుంచి ఆ ఒక్క మాటనే అరిగిపోయేటట్టు అంటున్నాడు. ఇవాళ పదకొండింటికి బడికి పోయి పార్వతీబాయి ఎదుట నిలబడి అనాలి. ఇవాళ అనకపోతే ఇంక అనడమంటూ ఉండదు.

పార్వతీబాయి అతని కూతురు కాజల్‌కు పాఠాలు చెప్పే టీచరు. సోలాపూర్‌లో తెలుగువాళ్ళు కూడా మరాఠీవాళ్ళలాగే టీచరమ్మను బాయి అనే పిలుస్తారు. అశోక్ చౌక్ వెనక సందులోని తెలుగు బడిలో ముప్పై మూడేళ్ళు పనిచేసి ఆమె ఈరోజే రిటైరవుతోంది. పెళ్ళి చేసుకోలేదు, అద్దె గది ఖాళీ చేసేసింది, మధ్యాహ్నం బండికి తమ్ముడి వెంట పుణె వెళ్ళిపోతోంది. కాజల్ నాలుగో తరగతి కూడా ఈరోజుతోనే అయిపోతుంది. ఆ బడిలో అంతకు పైన తరగతి లేదు. జూన్ నుంచి ఆ పిల్ల ఊరవతల కుంభారిలో, వాళ్ళుండే కాలనీ పక్కన మరాఠీ బడికి పోవాలి. పొద్దున్నే ఆరింటి బస్సులో తండ్రీ కూతుళ్ళు పక్కపక్కన కూర్చుని ఊళ్ళోకి రావడం కూడా ఇదే ఆఖరు. ఆ సంగతి పెంటప్ప పొద్దున బస్సు దిగాక గానీ గుర్తు తెచ్చుకోలేదు. గుర్తొచ్చాక మర్చిపోలేకపోయాడు.

అతని పేరు వెనక ఒక కథ ఉంది. అతనికి ముందు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోవాడు పుట్టగానే తల్లి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటి ముసలమ్మ ఎత్తుకుని, చేటెడు తవుడుకు ఆ తల్లికే మళ్ళీ అమ్మింది. పెంట మీద దొరికినవాణ్ణి చావు కూడా ముట్టదని వాళ్ళ నమ్మకం. నమ్మకం వమ్ము కాలేదు. చావు అతని జోలికి రాలేదు, చుట్టూ ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ తీసుకుపోయింది. తండ్రి పోయాడు, తల్లి పోయింది. నలభై దగ్గర పడ్డాక చేసుకున్న యమున, బీడీలు చుట్టుకుంటూ నవ్వుతూ ఉండే యమున, కాజల్‌కు ఐదేళ్ళప్పుడు కామెర్లతో పోయింది. చావుకు వద్దనిపించాలని పెట్టిన పేరు మనుషులకు కూడా వద్దనిపించింది కాబోలు, మళ్ళీ సంబంధం తెచ్చినవాళ్ళెవరూ లేరు. అతనూ అడగలేదు.

యమున పోయిన మరుసటి జూన్‌లో కాజల్‌ను ఒకటో తరగతిలో వేశాడు. మొదటి రోజు తనే తల దువ్వాడు. నూనె పెట్టాడు, పాపిట తీశాడు, కాస్త వంకరపోయినా తీశాడు. రిబ్బను కట్టే దగ్గర మాత్రం చేతులు తమకు తెలిసిన పనే చేశాయి. బిడ్డ పరుగెత్తుతుంది, ఆడుతుంది, ఊడిపోతుందేమోనని జుట్టూ రిబ్బనూ కలిపి మూడుచోట్ల సాంచా ముడి వేసి బిగించాడు. ఊడలేదు. సాయంత్రం దాకా ఊడలేదు. మాడు లాగేస్తుంటే పిల్ల ప్రార్థనలోనే ఏడుపు మొదలుపెట్టింది. పార్వతీబాయి గోళ్ళతో విప్పబోయి చూసింది, పిన్నీసుతో చూసింది, ఆఖరికి పంటితో కూడా చూసింది. ఏం చేసినా రాకపోయేసరికి కత్తెర తీసుకుని, రిబ్బనుతో పాటు జానెడు జుట్టూ కత్తిరించాల్సి వచ్చింది.

మర్నాడు పిలిపించింది. చీవాట్లు తప్పవనుకుని పెంటప్ప గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, మీరు సాంచా నడుపుతరా?" అంది బాయి.

"అవు బాయీ!" అన్నాడు. కార్ఖానా మనుషుల గొంతు పెద్దది. పిల్లలంతా తిరిగి చూశారు.

"ముడి చూడంగనే అనుకున్న. మా నాయిన గూడ ఇసొంటి ముడే ఏసేటోడు." ఆమె నవ్వింది. "రేపటి సంది జుట్టు వదిలేసి పంపుండ్రి. నూనె సీస ఒకటి ఇయ్యిండ్రి. మిగతాది నేను జూసుకుంట."

అంతే. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె చూసుకుంది. రోజూ ప్రార్థనకు ముందు టేబుల్ సొరుగులోంచి దువ్వెన తీసి, కాజల్‌ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. పొద్దున బస్సులో చింపిరి తలతో వచ్చిన పిల్ల మధ్యాహ్నం కార్ఖానాకు వచ్చేసరికి నున్నటి జడతో, తల్లి ఉన్న పిల్లలా కనిపించేది. పెంటప్ప రెండు నెలలకొక నూనె సీసా పంపేవాడు. అంతకుమించి ఒక్క మాట అన్నది లేదు. ఆడమనిషితో, అందులోనూ పంతులమ్మతో, ఏం మాట్లాడాలో అతనికి తెలిస్తే గదా!

ఏం ఇవ్వాలన్న ఆలోచన నెల కిందట మొదలైంది. చెకింగ్ టేబుల్ దగ్గర ఎల్లమ్మను అడిగాడు. ఎల్లమ్మకు అరవై దాటాయి. ఒక కాడ విరిగిన కళ్ళద్దాలను నూలుదారంతో చెవికి కట్టుకుని ఉంటుంది. నేసిన టవళ్ళను ఆమే కోస్తుంది, అంచులు కుడుతుంది, తప్పులు పడుతుంది. మాటకు మాట అప్పు ఉంచుకునే మనిషి కాదు.

"పెన్ను ఇయ్యి," అంది మొదట.

"అందరు పెన్నులే ఇస్తరక్కా. ఆమె తాన డబ్బ నిండ ఉన్నయట."

"అయితే చీర పెట్టు."

పెంటప్ప ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. పెళ్ళాం చచ్చిన మగవాడు పెళ్ళి కాని పంతులమ్మకు చీర పెట్టడమా! తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటుంది లోకం. అతని మొహం చూసి ఎల్లమ్మ కిసుక్కున నవ్వింది.

"సరె సరె, భయపడకు. రైక బట్ట, కొబ్బరికాయ పెట్టి ఒడి నింపుతె బరోబర్ ఉంటది." అంతలోనే నాలుక కరుచుకుంది. "అరె దేవా! ఒడి నింపాలంటె ఇంట్ల ఆడిమనిషి ఉండాలె గద."

ఇంట్లో ఆడమనిషి లేకపోవడం వల్లనే కదా ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు ఆ రుణం తీర్చుకోవాలన్నా ఆడమనిషే కావలసి వచ్చింది.

సంగతి తేల్చింది కాజలే. జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసినప్పుడు పెంటప్ప గేటు బయట నిలబడి చూశాడు. బాయి పసుపుపచ్చ చీర కట్టుకుంది. మంచి చీరే, కానీ కొంగు కొసన అరచేతి మేర ముదురు మరక. అంత శుభ్రమైన మనిషికి ఆ మరకేమిటని అతనికి ఆశ్చర్యమేసింది. ఈ మధ్య ఓ రాత్రి అన్నం తింటూ ఆ మాటే కాజల్‌ను అడిగాడు.

"అది నా నూనె పప్పా," అంది కాజల్ మామూలుగా. "బాయి జడేసినంక చేతులు కడుక్కుంటది. నాప్కిన్ ఉండదు. కొంగుకు తుడుస్కుంటది. అన్ని చీరలకు ఉన్నది."

పెంటప్ప చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ముప్పై ఏడేళ్ళుగా టవళ్ళు నేస్తున్నాడు. లాతూర్ పోయినవి, ముంబై పోయినవి, ఓడలెక్కి పోయినవి ఎన్నో లెక్క లేదు. నాలుగేళ్ళుగా ఒక మనిషి తన బిడ్డ తల నూనెను కొంగుకు తుడుచుకుంటోంది. అతనికి సిగ్గేసింది. ఆ వెంటనే ఇన్నాళ్ళ బరువేదో దిగిపోయినట్టు కూడా అయింది.

"టవలా?" అంది ఎల్లమ్మ మర్నాడు. "సన్మానంల టవల్-టోపి మొగోళ్ళకిస్తరు. ఆడామెకు టవల్ ఇస్తె నవ్వరా?"

"నవ్వనియ్యి," అన్నాడు పెంటప్ప. అతను ఎవరికీ ఎదురు చెప్పింది తక్కువ. ఎల్లమ్మ కళ్ళద్దాలు పైకి లాక్కుని అతన్ని మరోసారి చూసింది.

కానీ ఏప్రిల్ నెలంతా హోటళ్ళ ఆర్డరే నడిచింది. తెల్లవి, వట్టి తెల్లవి. తెల్లబట్ట పీనుగకు కప్పుతారు గానీ పంతులమ్మకు ఎవరిస్తారు? రోజులు దగ్గర పడుతుంటే అతనికి నిద్ర పట్టలేదు. అంగడిలో కొనొచ్చు. అశోక్ చౌక్‌లో ఏ దుకాణానికి పోయినా టవళ్ళే. కానీ కొన్నది ఇవ్వడానికి మనసొప్పలేదు. ఆమెకు ఇచ్చేది తన చేతి మీదుగా పోవాలి. కుమ్మరింట ఓటికుండ అన్నట్టు, అతని ఇంట్లో ఉన్నవన్నీ తప్పుపడి వెనక్కొచ్చిన టవళ్ళే. తప్పు లేని టవల్ ఒక్కటి నేసి, దాన్ని ఎవరికివ్వాలో తనే ఎంచుకోవాలి. అలాంటిది ఇంతవరకు అతని బతుకులో జరగలేదు.

నిన్న సాయంత్రం పడుగు చుట్టిన కొత్త బీమ్ సాంచా మీదికి ఎక్కింది. మీగడ రంగు, ఆకుపచ్చ అంచు. సేటును అడిగితే ఒకటి తీసుకోమన్నాడు. పెంటప్ప బీమ్ మొదట్లో వచ్చే టవళ్ళను వదిలేశాడు. పడుగు సర్దుకునే దాకా వాటిలో ఏదో ఒక వంక ఉంటుంది. తొమ్మిది దాటాక, మోత నిదానంగా ఒక్క తీరుగా వినబడుతున్నప్పుడు, ఇక ఇదే ఆ టవల్ అనుకున్నాడు. రెండో సాంచా ఆపేసి దీని ముందే నిలబడ్డాడు. ఒక్క పోగు తెగలేదు. టవల్ దిగుతుంటే పడుకున్న బిడ్డ మీద దుప్పటి సర్దినట్టు అరచేత్తో సర్దుతూ వచ్చాడు. ఆఖరున అలవాటు ప్రకారం అంచు మూలలో ఎర్రపోగు వేశాడు.

ఆ కార్ఖానాలో పాత పద్ధతి ఒకటుంది. తప్పు ఎవరిదో తెలియడానికి ఒక్కో మనిషికి ఒక్కో రంగు పోగు. పెంటప్పది ఎరుపు. నేసిన ప్రతి టవల్ మూలన జానెడు ఎర్రపోగు వేలాడుతుంది. ఎల్లమ్మ చూసి, బాగుంటే ఆ పోగు కత్తిరించి పారేస్తుంది. సాయంత్రానికి ఆమె కాళ్ళ దగ్గర రంగురంగుల పోగుల కుప్ప పడుతుంది, ఊడ్చేస్తారు. గడప దాటాక ఏ టవల్ ఎవరు నేశారో దేవుడికి కూడా తెలియదు.

పెంటప్ప టవల్ తెచ్చి ఇస్తే ఎల్లమ్మ అంచులు మడిచి కుట్టింది. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. తప్పు దొరక్క మూతి విరిచింది. చెయ్యి కత్తెర మీదకు పోయింది.

"అక్కా, ఎర్రపోగు కొయ్యకు!"

"ఏంది, గట్లనే ఇస్తవా? చూసినోళ్ళు చెత్త వదిలేసిండనుకుంటరు."

"ఉండనియ్యి."

ఎల్లమ్మ అతని మొహంలోకి చూసి కత్తెర కింద పెట్టింది. టవల్‌ను చక్కగా మడిచి, తన దగ్గరున్న మరాఠీ పేపర్లో చుట్టి, దారం కట్టి ఇచ్చింది. "పో, లవ్‌కర్ పో, జల్ది. నీ సాంచాలు పక్కోన్ని జూడమంట. మొఖం కడుక్కొని పో, బూజు పట్టిన దేవునోలె ఉన్నవు," అంది. గొంతు మాత్రం మెత్తగానే ఉంది.

అతను బడికి చేరేసరికి వీడ్కోలు సభ అయిపోయింది. వరండాలో పూల రేకులు, నలిగిన లడ్డూలు. పిల్లలు ఇళ్ళకు పోయారు. నాలుగో తరగతి గదిలో బాయి, ఆమె పక్కన బెంచీ మీద కాజల్, ఇద్దరే ఉన్నారు. టేబుల్ నిండా శాలువలు, కొబ్బరికాయలు, ఒక గోడ గడియారం, రంగు కాగితాల్లో పెన్నులు. కాజల్ జుట్టు ఇంకా విరబోసుకునే ఉంది. పొద్దున సభ హడావిడిలో బాయికి జడ వేయడానికి తీరిక దొరకలేదు.

"బాయీ!" అన్నాడు పెంటప్ప.

ఖాళీ గదిలో ఆ కేక గోడలకు తగిలి తిరిగొచ్చింది. తన గొంతు తనకే భయం పుట్టించింది. సాంచాల మోతలో నూరుసార్లు అన్న మాట, ఫ్యాను కూడా తిరగని ఆ నిశ్శబ్దంలో ఒక్క ముక్క కూడా నోట్లోకి రాలేదు. పొట్లం చాచి నిలబడ్డాడు.

బాయి పొట్లం విప్పింది. అందరిలా ముందు పైవైపు చూడలేదు. టవల్ తిప్పి వెనకవైపు చూసింది, బొటనవేలితో అంచు రాసి చూసింది. నేతగాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళకు ఉండే అలవాటది.

"మీరు నేసిందేనా అన్నా?"

తల ఊపాడు.

"ఒక్క వంక లేదు," అంది. అలాంటి మాట అతనితో ఇంతవరకు ఎవరూ అనలేదు. కార్ఖానాలో వంక ఉంటేనే మాట ఉంటుంది, లేకపోతే ఏమీ ఉండదు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గోడ మీది పటం చూస్తున్నట్టు తల తిప్పుకున్నాడు.

బాయి టవల్‌ను టేబుల్ మీద పెట్టి, సొరుగులోంచి నల్ల దువ్వెన తీసింది. కాజల్ అలవాటుగా వచ్చి ముందు కూర్చుంది. కానీ ఆమె జడ అల్లలేదు. దువ్వెన పెంటప్ప వైపు చాచింది.

"రేపటి సంది ఎవరు ఏస్తరన్నా?"

పెంటప్ప దువ్వెననూ బిడ్డ తలనూ మార్చి మార్చి చూశాడు.

"ఇట్ల రాండ్రి. ఇయ్యాల నా ఆఖరు పాఠం. కాజల్‌కు గాదు, మీకు."

పెంటప్ప దడుచుకున్నాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని బిడ్డ వెనక నిలబడ్డాడు.

"మూడు పాయలు. కుడిది నడుమకు, ఎడమది నడుమకు. గంతే. వేల పోగులు నడిపేటోళ్ళకు మూడు పాయలు ఒక లెక్కనా?"

మొదటిసారి జడ వంకరపోయింది. బాయి విప్పేసింది. రెండోసారి వదులైంది, మళ్ళీ విప్పేసింది. గరుకు వేళ్ళకు వెంట్రుకలు పట్టుకుంటుంటే కాజల్ "ఆయ్ పప్పా!" అని మెడ ముడుచుకుంటోంది. మూడోసారి అతని చేతులకు ఆ నడక తెలిసింది. కుడిది నడుమకు, ఎడమది నడుమకు. తల వెచ్చగా తగులుతోంది. నడినెత్తి మీద రెండు సుడులు పక్కపక్కన కనిపించాయి. యమునకు కూడా అలాగే రెండు సుడులు ఉండేవి. నాలుగేళ్ళుగా పక్కనే పడుకుంటున్న బిడ్డ నెత్తిని ఇంత దగ్గర నుంచి ఒక్కసారైనా చూడలేదు.

జడ కొసకు వచ్చింది. కట్టడానికి రిబ్బను లేదు. సభలో పూలగుత్తికి కట్టినట్టున్నారు. బాయి సొరుగు వెతికింది, కింద చూసింది. ఆమె చూపు టవల్ మీద పడింది.

"ఇంత మంచి టవల్‌కు ఈ పోగు వదిలేసిండ్రేంది!" అంటూ కత్తెర తీసుకుంది.

పెంటప్ప నోరు తెరిచాడు. కత్తెర కిచుక్కుమంది. జానెడు ఎర్రపోగు ఆమె వేళ్ళలోకి వచ్చింది, అక్కడి నుంచి అతని వేళ్ళలోకి వచ్చింది. ఏమని చెప్తాడు? ఇది నేను బాయీ, అని చెప్తాడా? తెరిచిన నోరు మూసుకుని, బిడ్డ జడ కొసకు ఆ పోగు చుట్టాడు. చేతులు తమకు తెలిసిన ముడి మీదకే పోతున్నాయి.

"అన్నా!" బాయి వేలు ఎత్తింది. "ఆ ముడి వద్దు. మల్ల కత్తెర తెప్పిస్తరా? జారుముడి ఎయ్యిండ్రి, లాగితె ఊడాలె."

కాజల్ పకపకా నవ్వింది. పెంటప్ప జారుముడి వేశాడు. లాగితే ఊడిపోయే ముడి వేయడం అతనికి చేతకానట్టే అనిపించింది గానీ, వేశాడు.

దువ్వెన కాజల్ చేతిలో పెట్టి బాయి బయట నల్లా దగ్గరకు పోయింది. చేతులు కడుక్కుంది, మొహం కూడా కడుక్కుంది. లోపలికి వస్తూ అలవాటుగా కొంగు అందుకోబోయి ఆగింది. టేబుల్ మీది టవల్ తీసుకుంది. చేతులు తుడుచుకుని, మొహానికి అద్దుకుని, అలాగే ఉండిపోయింది. భుజాలు చిన్నగా కదిలినట్టనిపించింది. ఎండ వల్లనో, ముప్పై మూడేళ్ళ గదిని వదిలి పోతున్నందుకో పెంటప్పకు తెలియలేదు. తను నేసిన టవల్‌ను ఒక మనిషి అంతసేపు మొహానికి అద్దుకోవడం అతను చూడటం ఇదే మొదటిసారి.

"అక్కా, బండికి టైమయింది!" బాయి తమ్ముడు గుమ్మంలో నిలబడి అరిచాడు.

తర్వాత అంతా తొందర తొందరగా జరిగిపోయింది. తమ్ముడు శాలువలు ఒక సంచిలో, పెన్నులు ఒక సంచిలో కుక్కాడు. గోడ గడియారం పెంటప్ప మోశాడు, కొబ్బరికాయలు కాజల్ మోసింది. ఆటోలో చోటు చాలక ఒక సంచి బాయి ఒళ్ళో పెట్టుకుంది. కాజల్ తల మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. ఆటో ఇంజను ఒక్కసారిగా డబడబ మొదలుపెట్టింది.

ఆ మోత చెవిన పడగానే పెంటప్ప గొంతు పెగిలింది.

"బాయీ! తల్లి లేని లోటు నా బిడ్డకు మీరు తెల్వనియ్యలే!"

బాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏమన్నరన్నా?" అన్నట్టు పెదవులు కదిలాయి. ఆటో కదిలింది. సందు మలుపు దాకా ఆమె తల బయటకు పెట్టి చూస్తూనే ఉంది, మలుపు దగ్గర ఒక్కసారి తల ఊపింది. సాంచాల మధ్య పెరిగినవాళ్ళకు చెవులతో పనిలేదు, పెదవులు చూసి మాట తెలుసుకుంటారు. బాయి వాళ్ళ నాయిన కూడా సాంచాల మనిషే గదా అని ఆ తర్వాత చాలా రోజులు పెంటప్ప తనకు తాను చెప్పుకున్నాడు.

పుస్తకాల సంచి తెచ్చుకోవడానికి కాజల్ గదిలోకి పరుగెత్తింది. తలుపుకు తాళం వేద్దామని బంట్రోతు గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

"పప్పా! బాయి టవల్ మర్సిపొయ్యింది!"

పెంటప్ప గుమ్మంలోకి వచ్చి చూశాడు. కుర్చీ వీపు మీద, ఇంట్లో వేసుకున్నట్టుగా వేసి ఉంది టవల్. ఆటో ఈపాటికి చౌక్ దాటి ఉంటుంది. కాళ్ళు గేటు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాయి. పోనీ తీసుకుందామా అని చెయ్యి చాచాడు. ఇచ్చినదాన్ని ఇచ్చిన చేత్తోనే తిరిగి తీసుకోకూడదని తల్లి అనేది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మర్వలే బిడ్డా," అన్నాడు. ఈసారి గొంతు చిన్నగానే వచ్చింది. "ఆరేసి పొయ్యింది."

కాజల్ అతని వేలు పట్టుకుంది. ఇంకో చేతిలో నల్ల దువ్వెన ఉంది. నడుస్తుంటే జడ కొసన ఎర్రపోగు అటూ ఇటూ ఊగుతోంది. బంట్రోతు కిటికీలు మూస్తూ వచ్చాడు, కుర్చీ దగ్గర మాత్రం ఏమీ ముట్టుకోలేదు.

ఆకుపచ్చ అంచు టవల్ కుర్చీ మీద అలాగే ఉంది, మూలన పోగు కత్తిరించిన చోట ఏమీ లేకుండా, ఆమె మొహం అద్దుకున్న చోట ఇంకా తడిగా.